ముడి లోపలా, బయటా?

డాక్టర్ నరేంద్రబాబు గారికి ఎక్కడ దారం కనబడినా సరే, దాని ముడి చూడనిదే ముద్ద దిగదు.

నెల్లూరులో ఆయన దగ్గర పదకొండేళ్ళుగా ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌గా ఉన్న వనజాక్షికి ఈ పిచ్చి కొట్టిన పిండి. ఇడ్లీ పొట్లం వస్తే ఆయన విప్పరు, తిప్పి చూస్తారు. మల్లెపూలమ్మే ఆమెను ఆపి మూరెడు కొని, దండంతా ఊడదీసి ఆమె చేతే మళ్ళీ కట్టిస్తారు. ఒక పెళ్ళిలో అయితే, మూడుముళ్ళు పడుతుంటే అక్షింతలు వేయడం మాని ముందుకు వంగి, "ముడి లోపలా, బయటా?" అని పెళ్ళికొడుకునే అడిగారు. ఆయనతో కలిసి వచ్చానని వనజాక్షి ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.

ఆ ప్రశ్నకు మూలం లేకపోలేదు. పైత్యరసం దిగే గొట్టాన్ని పేగుకు అతకడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. సన్నటి దారంతో ఒక్కో కుట్టూ విడిగా వేస్తారు. ముడులు గొట్టానికి బయటే పడాలి, లోపల పడితే వాటిచుట్టూ రాళ్ళు కట్టే ప్రమాదం. మరీ బిగిస్తే కండకు రక్తం అందదు, వదులైతే రసం కారుతుంది. ఇదంతా వనజాక్షికి తెలుసు. ఇంత తెలిసిన మనిషి ఊరందర్నీ ఎందుకడుగుతారో అదే అర్థం కాదు.

పోయిన నెల చిట్టమూరు వైపు నుంచి పేరమ్మ వచ్చింది. పులికాట్ సరస్సులో చేపలు పట్టి బతికే కుటుంబం. వలలు బాగుచేయడంలో ఆమె తర్వాతే ఎవరైనా. పైత్యరసం గొట్టం పూడుకుపోయి కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. ఆలస్యమైతే కాలేయం చెడుతుందని మొగుడు చెంగయ్య బతిమాలాడు, వనజాక్షి బెదిరించింది. పేరమ్మ సంతకం పెట్టనంటే పెట్టనంది.

"ముక్కూ మొకం తెలియనోడు నా కడుపులో కుట్లేస్తాడా? ఆ చెయ్యి ఎట్టాంటిదో నాకేం తెలుసు?"

మర్నాడు పొద్దున్నే డాక్టరు గారు చిరిగిన వల ఒకటి చంకన పెట్టుకుని వార్డుకొచ్చారు. రౌండ్సు గాలికొదిలి, పేరమ్మ మంచం పక్కన స్టూలేసుకుని, తెగిన ఈ వలకన్ను ఎట్లా కట్టాలో చెప్పమన్నారు. ముడేశారు, జారింది. మళ్ళీ వేశారు, నూలు తెగింది. వార్డంతా ఒకటే నవ్వు. వనజాక్షికి తల కొట్టేసినట్టయింది. ఇంక ఈవిడ సంతకం పెట్టినట్టే అనుకుంది.

ఆరో ముడి కూడా జారేసరికి పేరమ్మ ఓపిక చేసుకుని లేచి కూర్చుంది.

"అంత బిగించబాక నాయనా. దారం మాట కూడా వినాల," అంటూ ఆయన వేళ్ళు పట్టుకుని ఏడో ముడి వేయించింది. అది నిలిచింది. లాగి చూసి, చెప్తే వినే మనిషే అని మెచ్చుకుని, వనజాక్షిని కాగితాలడిగింది.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. ముడులన్నీ బయటే పడ్డాయి. చేతులు కడుక్కునేటప్పుడు వనజాక్షి ఉండబట్టలేక అడిగేసింది.

"కళ్ళు మూసుకుని ముడేసే మీరు, ఆ వల దగ్గర ఆరుసార్లు తప్పినారేంది సార్?"

"ఏడోసారికి ఆమె నా చెయ్యి పట్టుకునింది గదా సిస్టర్. ఇంక నేను తెలియనోణ్ణెట్టా అవుతా?"

ఏడాదిగా వాయిదా వేసిన గడ్డ ఆపరేషన్‌కు పూలమ్మే ఆమె ఉన్నట్టుండి ఎందుకు ఒప్పుకుందో అప్పటికి వనజాక్షికి తెలిసొచ్చింది. పెళ్ళికొడుకు సంగతి మాత్రం ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఐదో రోజుకు పేరమ్మ కళ్ళు తేటపడసాగాయి. కుట్ల దగ్గర చుక్క రసం కారలేదు. ఆ రోజే పక్క మంచంలోకి చిల్లకూరు నుంచి ఆదిశేషమ్మ అనే ఆమె వచ్చింది. తనకూ అదే ఆపరేషనని విని ఏడుపు లంకించుకుంది. పేరమ్మ మెల్లగా దిగివెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"భయపడబాకమ్మా. ఆ డాక్టరుకి కుట్లేయడం నేర్పింది నేనే."

గుమ్మంలో నిలబడ్డ డాక్టరు గారు చేతులు కట్టుకుని, అవునని వినయంగా తలూపారు.