తాళాలాయన

మా ఆయనను సబ్బుల ఫ్యాక్టరీలో అందరూ తాళాలాయన అంటారు. ఎలక్ట్రీషియను. ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు మార్చాలన్నా మెయిను దించి, దాని ముందు నన్ను కాపలా నిలబెడతాడు. "పొయ్యి మీద కూర మాడుతోంది మహానుభావా!" అన్నా వినడు. "కూర మాడితే ఇంకోటి వండుకుంటాం. నేను మాడితే?" అంటాడు.

ఆయన చెప్పగా చెప్పగా నాకూ కొంత ఒంటబట్టింది. ఫ్యాక్టరీలో పచ్చ బటన్ నేరుగా మోటారును తిప్పదు. అది కొద్దిపాటి కరెంటుతో కాంటాక్టరనే పెద్ద స్విచ్చును లాగుతుంది, అది మూసుకుంటేనే మోటారుకు అసలు కరెంటు అందుతుంది. సబ్బు కలిపే మిక్సరుకైతే మూత దగ్గర ఇంకో స్విచ్చు ఉంటుంది. మూత పూర్తిగా వేసి, దాని మీట నొక్కుకుంటే తప్ప మిక్సరు కదలదు. అన్నిటికీ పైన ఐసోలేటరు, మిషను మొత్తానికి కరెంటు తెంచే హ్యాండిలు. లోపలికి దిగేవాడు దాన్ని దించి, తన తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. ఎవరి తాళం వాళ్ళే తీయాలి, యజమాని వచ్చి అడిగినా సరే. అక్కడ ఈ పద్ధతి పట్టుబట్టి నేర్పింది మా ఆయనే.

నేర్చుకున్నవాళ్ళలో నా తమ్ముడొకడు, మిక్సరు ఆపరేటరు. ఆ ఉద్యోగమూ మా ఆయన చలవే. "బావా, బావా" అంటూ ఎప్పుడూ వెనకే తిరిగేవాడు.

ఆ రోజు మా ఆయన మిక్సరులోకి దిగి, వేడి కొలిచే తీగ మారుస్తున్నాడు. ఉన్నట్టుండి మూత పక్కన దీపం వెలిగింది. అంటే కరెంటు వచ్చింది! పైప్రాణాలు పైనే పోయాయి. ఎలా పాకాడో, బయటపడ్డాడు. చూస్తే నా తమ్ముడు మిక్సరు తిరుగుతుండగానే మూత తీసే ఉంచి సరుకు పోసుకుందామని, మూత స్విచ్చు మీటను తీగతో కట్టేస్తున్నాడు. ఆ కట్టు బిగిసి, పచ్చ బటన్ నొక్కి ఉంటే?

"నువ్వు ఎప్పుడో వచ్చేశావనుకున్నా బావా!" అన్నాడట.

అంతటితో ఆగినా బాగుండేది. మేనేజరు దగ్గరికెళ్ళి, "బావ ఇవాళ తాళం వేయడం మర్చిపోయాడు సార్" అన్నాడు. తాళం చూస్తే కోసింది లేదు, విరగ్గొట్టింది లేదు. తాళంచెవి మా ఆయన జేబులోనే ఉంది. ఇంకెవరు నమ్ముతారు? అందరికీ నీతులు చెప్పేవాడేనా ఇలా చేసింది అని నవ్వారు. పనిలోంచి ఆపేశారు.

ఇంటికొచ్చి, "నేను తాళం వేశానంటావా?" అని నన్నడిగాడు. ముప్పొద్దులా తాళాలంటూ నన్ను చంపుకుతిన్న మనిషి! తన చేతుల్నే తాను నమ్మలేకపోతున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్త తాళానికి రెండు చెవులిస్తారు. రెండోది నా కుట్టుమిషను సొరుగులో ఉండాలి. సొరుగంతా కుమ్మరించాను. లేదు. మొన్న భోజనానికొచ్చి, "గుండీ ఊడింది, సూది ఎక్కడక్కా?" అంటూ ఆ సొరుగు తీసింది నా తోడబుట్టినవాడే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట!

మా ఆయన వద్దంటున్నా వెంటబెట్టుకుని వెళ్ళి, తమ్ముణ్ణి మేనేజరు గదిలోకి లాక్కొచ్చాను.

"ఇంటి గుట్టు రచ్చకెక్కించకక్కా, పరువు పోతుంది."

"నీ పరువు తగలెయ్యా! జేబులో ఉన్నవి తియ్యరా!"

తీయక తప్పలేదు. తాళంచెవి బల్లమీద పడింది. మేనేజరు దాన్ని తాళంలో తిప్పి చూసి, మా ఆయనను రేపే పనిలోకి రమ్మన్నాడు. నాకు అది చాలలేదు.

"ఎందుకు చేశావురా?"

"బావ దిగినప్పుడల్లా నా పని ఆగిపోతోందక్కా. తాళం నేనే తీసేస్తే కాస్త ముందు మొదలుపెట్టొచ్చని..."

"లోపలికి తొంగి చూడలేదా? ఒక్క కేకైనా వెయ్యలేదా?"

వాడు తల వంచుకున్నాడు. "పిలిస్తే, ఇంకా పనుంది ఆగమంటాడని పిలవలేదు."

కొట్టడానికి లేచిన నా చెయ్యి అలాగే ఉండిపోయింది. వాడు ఏడుస్తూ మా ఆయన వైపు తిరిగి, "బావా..." అన్నాడు.

"అప్పుడు పిలవాల్సిందిరా," అన్నాడు మా ఆయన.