సామాన్ల పాట

ప్రేమావతి తుడిచిన నేల మీద రోజూ వేలమంది నడిచేవారు. శంషాబాద్ విమానాశ్రయంలో, ప్రయాణికుల పెట్టెలు తిరిగివచ్చే బెల్టుల దగ్గర ఆమె డ్యూటీ. అక్కడ ఎండాకాలం లేదు, వానాకాలం లేదు. పైకప్పు దీపాలు నేల లోపల ఈదుతూ ఉండేవి. ఆమె తుడిచేకొద్దీ అవి ఇంకాస్త లోతుకు దిగేవి. తల్లుల వేళ్ళు పట్టుకుని పిల్లలు తమ పెట్టె కోసం తొంగిచూస్తుంటే, ఆమె తల వంచుకుని వాళ్ళ బూట్ల చుట్టూ తుడుచుకుంటూ పోయేది. తల వంచడం పనిలో భాగమని చూసేవాళ్ళు అనుకునేవారు. అది సగమే నిజం.

ఆమెకూ ఇద్దరున్నారు. ఆశేర్ రెండో తరగతి. సలోమికి నాలుగేళ్ళు. భర్త యోనా ఆరాంఘర్ చౌరస్తాలో టైర్ల దుకాణంలో పనిచేసేవాడు. 2009లో ప్రేమావతికి ఈ ఉద్యోగం దొరికినప్పుడు, పిల్లలను చూసుకోవడానికి యోనా అక్క డోర్కాస్ మైలార్‌దేవ్‌పల్లి నుంచి ఒక సంచీతో వచ్చింది. భర్త పోయిన మనిషి, పిల్లలు లేరు. వచ్చిన వారంలోనే సలోమి ఆమె భుజాన్ని దిండు చేసుకుంది.

జడలు వేయడం, అన్నం తినిపించడం, జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకుపోవడం, ఇవన్నీ వదినకు వదిలేయడం ప్రేమావతికి రెండేళ్ళలో మెల్లగా అలవాటైంది. అలవాటు కానిది ఒక్కటే, శనివారం సాయంత్రం. ఆ పూట డోర్కాస్ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ఐలయ్య కిరాణ దుకాణానికి పోయేది. తిరిగి వచ్చేటప్పుడు పిల్లల ముఖాలు తోమిన ఇత్తడి చెంబుల్లా ఉండేవి. పండుకున్నాక కూడా వాళ్ళు దుప్పటి కింద ఏదో పాడుకునేవారు. ఒక్కోసారి పప్పు పేరు వినిపించేది, ఒక్కోసారి పసుపు పేరు, తర్వాత నవ్వు.

"ఏందిరా అది?" అని అడిగేది ప్రేమావతి.

"సామాన్ల పాట."

"జర నాకు గూడ చెప్పు."

"ఇంట్ల పాడద్దు. దుకాణంలనే పాడాలె," అనేవాడు ఆశేర్, గుడి తలుపు దగ్గర కాపలా ఉన్నవాడిలా.

డోర్కాస్‌కు చదువు రాదు. చర్చి సంఘంలో ఆదివారం పాటలన్నీ చెవితో విని, చేత్తో తాళం కొట్టి నేర్చుకున్నవే. సామాన్ల చిట్టీ రాయలేక, అవసరమైన వస్తువులను కూడా ఆమె అలాగే వరుసలో పెట్టి, తాళం కట్టి, పిల్లల నోట్లో దాచింది. ఇంత వరకు యోనా చెప్పాడు. పాట మాత్రం ప్రేమావతి పూర్తిగా వినలేదు. తన కడుపున పుట్టినవాళ్ళ గొంతుల్లో తనకు తెలియని గది ఒకటుంది. దాని తాళంచెవి వదిన కొంగున ఉంది. బెల్టు చుట్టూ ఎవరూ తీసుకోని పెట్టె ఒంటరిగా తిరుగుతున్నప్పుడల్లా ఆమెకు ఆ గది గుర్తొచ్చేది.

2011 జూలైలో ఒక బుధవారం, ఆమె సెలవు రోజున, ప్రేమావతి అంది: "ఈ వారం సామాన్లకు నేను పోత, వదినా."

"సెలవున్నదే ఒక్క రోజాయె. జర పండుకో, ప్రేమా."

"పండుకునుడు సాలు."

డోర్కాస్ సంచీలు దులిపి గుమ్మం దగ్గర పెట్టింది. ప్రేమావతి పాత డ్యూటీ చార్టు వెనక, పదో తరగతి వరకు దిద్దిన గుండ్రటి అక్షరాలతో, చిట్టీ రాసింది. రాస్తుంటే ఆమెకు ఒక రకమైన గెలుపు అనిపించింది. కాగితానికి తాళం అక్కర్లేదు.

దారిలో ఒక విమానం చెట్ల మీదుగా ఒరుసుకుంటూ పోయింది. పిల్లలు తలెత్తలేదు. సలోమి మాత్రం నడక ఆపి, చెయ్యి విడిపించుకుంది.

"ఏమైంది బిడ్డా?"

"అత్తమ్మ ఇటుదిక్కు నడుస్తది."

ప్రేమావతి ఇటుదిక్కుకు వచ్చింది. సొంత బిడ్డ చెయ్యి పట్టుకోవడానికి కూడా ఒక పక్క ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

దుకాణం ముందు అరుగు మీద ముసలి జంగమ్మ తమలపాకులు చూసుకుంటూ కూర్చుంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. పిల్లల్ని చూడగానే ఐలయ్య చేతిలోని బియ్యం గిన్నె పక్కన పెట్టి, తక్కెడ ఖాళీ చేశాడు.

"వచ్చిండ్రా! ఇయ్యాల బుధవారమేనాయె గదా? ఇగ మొదలు పెట్టుండ్రి."

అడగకుండానే ఆశేర్, సలోమి మెట్టెక్కి చేతులు కలిపి తాళం వేశారు.

"కందిపప్పు కిల, కారం అద్దకిల
పల్లీలు పావుకిల, పసుపు పొట్లం చిన్నది..."

ఒక్కో మాటకు ఐలయ్య చెయ్యి ఒక్కో డబ్బా మీదికి పోయింది. జంగమ్మ తల ఊపింది. ఆ ఇద్దరు ఆడవాళ్ళు కూడా తమ సామాన్ల సంగతి మరచి నవ్వుతున్నారు. ఊరంతటికీ తెలుసు ఈ పాట. ప్రేమావతి కాగితం మడత విప్పింది.

"సాలు," అంది. "చిట్టీ రాసుకొచ్చిన. నేను చదువుత."

పిల్లల చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

ఐలయ్య అప్పుడు ఆమెను చూశాడు. "మీరు పిల్లలకు ఏమైతరమ్మా?"

"అమ్మను."

"అట్లనా! మల్ల గా అక్క..."

"మా వదిన."

"ఓహో," అన్నాడు ఐలయ్య. ఇంకేదో అనబోయి, తక్కెడ వైపు తిరిగాడు.

ఆమె చదివింది. అతను తూచాడు. ఎవరూ తల ఊపలేదు. కాగితం మీద అన్నీ సరిగానే ఉన్నాయి, కానీ ఒక్కో పేరు నేలమీద పడ్డ గిన్నెలా చప్పుడు చేసింది. ఆశేర్ గోడకు ఆనుకుని చెప్పు కొనతో మట్టి గీకుతున్నాడు.

"ఉప్పు రాయలే నువ్వు," అన్నాడు, ఆమెను చూడకుండానే.

నిజమే. ఉప్పు రాయలేదు. పసుపు పొట్లం పెద్దదని రాసింది. వంటింట్లో ఏది ఎంత మిగిలి ఉందో ఆమెకు తెలిస్తే కదా. ఉప్పు కూడా తీసుకుని, సంచీలు ఎత్తుకుంది.

సలోమి మెట్టు దిగలేదు.

"దా బిడ్డా, పోదాం."

"కాలే ఇంక."

"అన్నీ తీసుకున్నం గదా?"

"అమ్మ కాళ్ళకు కాలే!" అని సలోమి ఏడుపుగొంతుతో అరిచింది. తర్వాత, ఆపుకోలేక, ఒంటరిగా తాళం కొడుతూ చివరి వరుసలు పాడేసింది:

"డాడీ గడ్డానికి బ్లేడ్లు రెండు
అమ్మ కాళ్ళకు కొబ్బరినూనె!"

దుకాణంలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా ప్రేమావతి కాళ్ళ వైపు చూశారు. రోజంతా నేల తుడిచే మందునీళ్ళలో నానిన కాళ్ళు, మడమల దాకా పగిలినవి. ఆమె చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుంది.

"అయ్యో, గా కాళ్ళు నీయేనా తల్లీ!" అంది జంగమ్మ. "రెండేండ్ల సంది ఇంటున్న. ఇయ్యాల కనబడ్డవి."

ఐలయ్య నీలిరంగు సీసా ఒకటి సంచీలో పెట్టాడు. అలాంటి సీసా ఇంట్లో గూట్లో ఎప్పుడూ ఉండేది. అయిపోకముందే కొత్తది వచ్చేది. ఎలా వస్తుందో ఆమె ఎన్నడూ అడగలేదు. కృతజ్ఞత కలగాల్సిన చోట ఆమెకు మంటే పుట్టింది. వదిన తనను పాటలో పెట్టింది, నిజమే. కానీ బ్లేడ్ల తర్వాత, పగిలిన మడమలుగా పెట్టింది.

ఇంటికి రాగానే సంచీలు దించి, "నా కాళ్ళ సంగతి ఊరంత పాడిపిస్తున్నవా, వదినా?" అంది.

డోర్కాస్ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "పాడకపోతే నూనె ఎట్లొస్తది? నాకు రాసుడు రాదాయె."

"నన్నడిగితే నేను రాసిస్తుంటి."

"ఎప్పుడు అడగాలె? నువ్వు వచ్చేసరికి నేను పండుకుంట, లేకుంటే నువ్వు పోతవు."

అందులో ఎత్తిపొడుపు లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాటి నుంచి మూడు రోజులు ప్రేమావతి బెల్టుల దగ్గర నేల తుడుస్తూ, పెదవులు కదుపుతూ తిరిగింది. ఆ పాటలోకి తనూ ఒక వరుసై వెళ్ళాలి. నూనెలా కాదు, పగుళ్ళలా కాదు, సెలవు రోజున పాయసం వండిపెట్టే అమ్మలా. కర్ర ముందుకు తోస్తే ఒక మాట, వెనక్కి లాగితే ఒక మాట. ఎన్నో పడ్డాయి, ఎన్నో జారిపోయాయి. పెట్టెలు తిరిగాయి, పిల్లలు తల్లుల వేళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు. ఈసారి ఆమె తల వంచినా వాళ్ళ బూట్లు కనిపించలేదు.

శనివారం పొద్దుటి డ్యూటీ ముగించుకుని వచ్చి, సలోమిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేస్తూ చెవిలో అంది:

"అమ్మకు సెలవు బుధవారం
సేమ్యా పాకెట్ పెద్దది!"

సలోమి ఆ మాటలను నోట్లో చాక్లెట్టులా అటూ ఇటూ తిప్పింది. "చిన్నది... పెద్దది," అని పాత వరుస పక్కన పెట్టి చూసుకుంది. అతికింది. సగం జడతోనే లేచి వంటింట్లోకి పరుగెత్తింది. ఆశేర్ కూడా వెంటపడ్డాడు.

"అత్తమ్మా! అమ్మ పాట కట్టింది! ఇను!"

పాడారు ఇద్దరూ, చప్పట్లు కొడుతూ. డోర్కాస్ చేతిలో చాట ఆగింది.

"తాళం తప్పింది," అంది.

"తప్పలే," అంది సలోమి. "అమ్మది గట్లనే ఉంటది."

డోర్కాస్ మళ్ళీ చాట ఎత్తింది, కానీ బియ్యం చెరగలేదు. ఆమె పెదవుల చివర ఏదో ముడుచుకుంది. సంచీలు ఉన్న మూలకేసి ఒకసారి, పిల్లలకేసి ఒకసారి చూసింది. గుమ్మంలో నిలబడ్డ ప్రేమావతి ఆ ముఖాన్ని వెంటనే గుర్తుపట్టింది. రెండేళ్ళు తను మోసిన ముఖమే అది.

జాలి కలగాలి. కలగలేదు. ఒంట్లో చాలా కాలంగా మూసి ఉన్న కిటికీ ఏదో తెరుచుకుని, చల్లగాలి తగిలింది.

"మల్లొకపారి పాడు బిడ్డా," అంది ప్రేమావతి. "గట్టిగ."