మోకాళ్ళు పట్టుకున్న మనిషి

ఆరేళ్ళుగా ఈ సంగతి చెబుతున్నాను. ఒక్కరూ చివరిదాకా వినలేదు. మొన్న ఏలూరు మిషన్ ఆసుపత్రిలో సభ పెట్టి, జీతం లేకుండా సేవ చేసే మమ్మల్నందరినీ ఎందుకు వస్తున్నారని అడిగారు. ఒకరు దేవుడి ప్రేమ అన్నారు. ఒకావిడ తల్లి మొక్కు అంది. నా వంతు రాగానే పాదిరీగారు, "కాఫీలు చల్లారిపోతున్నాయండీ," అంటూ లేచారు. అది నేను మరిచిపోను.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ ఆ మాట వాడను.

మాది కొల్లేటి లంక. చేలలోకి నీళ్ళు రాకుండా మేం గట్టు వేస్తే, ఆ నీళ్ళు పోయి ఎదుటి ఊరి వరిని ముంచాయి. ఒకరోజు తెల్లవారుతూనే వాళ్ళు గట్టు తెంచడానికి పారలతో, బరిసెలతో వచ్చారు. పావుగంటలో బురద ఎర్రబడింది. ఎవరిదో తెగిన చెవి నా కాలి మీద పడింది. మా అక్క భర్త సుబ్బయ్య బావకు తొడలో బరిసె దిగి, మొన లోపలే విరిగిపోయింది.

దోనెలో ఏలూరు చేర్చేసరికి మధ్యాహ్నమైంది. మత్తుకు గుండె తట్టుకోదని డాక్టరుగారు మత్తు ఇవ్వకుండానే కోశారు. నేను భుజాల మీద బరువంతా వేసి అదిమాను. బావ గొడ్డులా అరిచారు, నా చేయి నెత్తురొచ్చేలా కొరికారు. కాళ్ళు తన్నుకుంటుంటే కత్తి తప్పిపోతోంది.

అప్పుడెవరో వచ్చి బావ మోకాళ్ళు పట్టుకున్నారు. మెడ చుట్టూ కండువా, తడిబట్టలు, మోచేతులదాకా నల్ల బురద. నాలాగే ఎవరినో తెచ్చినవాడనుకున్నాను.

"కదలకండి. ఇంకొక్క క్షణం, అయిపోతుందండీ," అన్నారాయన బావతో.

డాక్టరుగారు తలెత్తకుండానే, "మోకాళ్ళు వదలకండి," అన్నారు.

మొన బయటికొచ్చింది. నేను చూసేసరికి ఆయన లేరు.

గంట తర్వాత పోలీసుల పడవలో శవం వచ్చింది. చాప తీస్తే అదే ముఖం, అదే కండువా. కండువా కింద మెడలో బరిసె పోటు. "గట్టు మీదే పోయాడండీ, పొద్దున్నే," అన్నాడు పోలీసు.

బావకు చెబితే గోడవైపు తిరిగారు. "వాణ్ణి పొడిచింది నేనేరా. పట్టుకోగానే గుర్తుపట్టాను. నా పీక నొక్కడానికి వచ్చాడనుకున్నాను."

బావ బతికారు. ఆ ఆసుపత్రి గడప మళ్ళీ తొక్కలేదు. నేను మాత్రం ప్రతి శుక్రవారం వెళ్ళి, అరిచేవాళ్ళను పట్టుకుంటున్నాను. ఆ మోకాళ్ళు పట్టుకున్నాయన స్థానంలో నేనుంటే పీకే నొక్కేవాణ్ణి. ఆ సంగతి నాకు తెలుసు. అది తెలిశాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

డాక్టరుగారేమో, "ఆరోజు నువ్వు తప్ప ఇంకెవరూ లేరయ్యా," అంటారు. ఆయనకు మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. నాలుగోదాంట్లో ఇలా రాస్తున్నాను.

అయ్యా, నా రెండు చేతులూ బావ భుజాల మీదున్నాయి. వదలొద్దని మీరు ఎవరికి చెప్పారు? తనను చంపినవాణ్ణి బతికించడానికి ఆయనకేం పట్టింది? రెండోది మీకూ తెలియకపోవచ్చు. మొదటిదానికైనా రాసి, కింద సంతకం పెట్టి పంపండి.