మగ్గాల ఇంట్లో గూబ

ఈ ఉదయం ఇక్కడ నగరంలో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో పైపులు దిగే డక్ట్ దగ్గర, గుడ్లగూబ కక్కిన ఎలుకబొచ్చు ఉండల వాసన తగిలింది. మన ఊరి పాతపేటలో మగ్గాల మధ్య పెరిగిన మిత్రులారా, మన అటకల వాసన ఇదే కదూ!

మా అటక మీద గూబల జంట ఉండేది. వాటికోసం కిటికీ రెక్క ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంచేవాళ్ళం.

"ఇంట్లో గూబ ఉండాది, అరిష్టం. తరిమేయక్కా" అన్నాడు పక్కింటాయన.

మగ్గం మీద పట్టు పడుగు పోగులు సవరిస్తున్న మా అవ్వ తలైనా ఎత్తలేదు. "ఎలకలు కొరికిన పోగులు నువ్వొచ్చి అతుకుతావేమప్పా?" అంది.

ఇప్పుడు మా డక్ట్‌లో రెక్కలు రాని గూబపిల్లలున్నాయి. గూబలు రాకుండా ఈ సాయంత్రం ఆ డక్ట్‌కి వల కట్టిస్తారట. కట్టించే అసోసియేషన్ అధ్యక్షుడు, గూబల ఫొటోల కోసం అడవులు పట్టి తిరిగే నేచర్ క్లబ్ మనిషే. అడిగితే, "అడవిలో అయితే ఓకే సార్. ఇక్కడ మా అత్తగారు భయపడుతున్నారు" అన్నాడు.

తన మూఢనమ్మకాన్ని అత్తగారి నెత్తిన రుద్దే ఈ చదువు మీదే నా కోపం. వల కడితే తల్లి లోపలికి రాలేదు, పిల్లలు ఆకలితో చస్తాయి.

వల కట్టేవాళ్ళు వెళ్ళాల్సిన డక్ట్ తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దగ్గర్లో ఉన్నవాళ్ళు ఇంకో కుర్చీ తెచ్చుకుని రండి.