దర్వాజ దాటని పందిరి మంచం

విఘ్నేశ్వరునికి నమస్కరించి, విశ్వకర్మకు మాత్రం ముందుగానే క్షమాపణ చెప్పుకొని ఆరంభిస్తున్నాను. శ్రీ రాక్షస నామ సంవత్సర వైశాఖ శుద్ధ దశమి నాడు, హుస్నాబాదులో మేము అద్దెకున్న ఇంట, సుత్తి పట్టిన నా కుడిచేతి ప్రతాపం వల్ల ఒక మహోపద్రవం సంభవించింది. ప్రాణనష్టం లేదు. పరువునష్టాన్ని చదువరులే అంచనా వేయగలరు. సంవత్సరం పేరు నా కల్పన కాదు. పంచాంగంలో అట్లాగే ఉన్నది.

అప్పుడు నేను బడిలో తెలుగు పండితుడను. కొత్త కాపురం. మా మామగారిది ఆసిఫాబాద్ దగ్గర వ్యవసాయం. టేకు అడవుల గాలి పీల్చి పెరిగినవారు గనుక ఆయనకు మనుషులకంటె కర్రమీద నమ్మకం హెచ్చు. బిడ్డ కోసం ఒక పందిరి మంచం చేయించి, విడి భాగాలుగా బస్సు మీద వేయించి పంపారు. మంచం కోళ్లే నిలువెత్తున పైకి సాగి దోమతెరకు గుంజలవుతాయి. వాటితోపాటు పట్టెలు, నవారు చుట్ట, ఒక చిన్న గుడ్డమూట. వెంట ఒక కబురు: "దశమి నాడు వస్తున్న. మోకాళ్ల నొప్పులు, కింద పండలేను. ఎండకాలం ఇంట్ల పండలేను. మంచం వాకిట్ల ఏసి పెట్టుండ్రి."

మా పెండ్లిలో ఆయన నన్ను చుట్టాలకు చూపిన తీరు చెబితే గాని నా పట్టుదల మీకు అర్థం కాదు. "అల్లుడు బాగ సదువుకున్నడు. పుస్తకం కన్న బరువైంది ఎన్నడు ఎత్తలే" అన్నారు. ఆ వాక్యం నా గుండెలో ముల్లై నిలిచింది. నేను బిగించిన మంచం మీద ఆయనను పవ్వళింపజేసి, ఆ మాటను ఆయన నోటనే వెనక్కి తీయించాలని శపథం పట్టాను.

"వడ్లాయనను పిలువరాదా? కర్రపని ఆయనకెరుక." అన్నది నా భార్య అనసూయ.

"వ్యాకరణంలో ఎన్ని సంధులు కలిపాను! నాలుగు కర్రలు కలపలేనా?"

"అయితె వాకిట్లనే బిగియ్యుండ్రి."

"ఎండ మండుతున్నది. పైగా శయనానికి నైరుతి గది ప్రశస్తం. వర్జ్యం రాకముందే ముగించాలి."

"మంచానికి గూడ వర్జ్యమా! సరే, మల్ల విప్పి బయటికి తెచ్చుడే గద" అని ఆమె వంటింట్లోకి వెళ్లింది.

గుడ్డమూట విప్పి చూస్తే చెక్కముక్కలు. మామగారి ముందుచూపుకు నా కళ్లు చెమ్మగిల్లాయి. "అనసూయా, మీ బాపు పొయ్యి ముట్టించేందుకు చిదుగులు కూడా పంపారు" అని మూట అందించాను.

మంచం నిలబడింది. నిలబడిందంటే, మంత్రం మరచిన పురోహితునివలె అటూ ఇటూ ఊగుతూ నిలబడింది. ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడట. నేను కర్ర వంకరన్నాను. వంకరకు మందు ఇనుము. జానెడేసి మేకులు తెచ్చి, మూల మూలకు, శత్రువు రొమ్మున దిగగొట్టినట్లు దిగగొట్టాను. నవారు అల్లాను. ఇక ఏనుగు ఎక్కినా కదలదు. నిజమే, తరువాత అది దేనికీ కదలలేదు.

సాయంత్రం మామగారు దిగారు. కాళ్లు కడుక్కొని, చాయ తాగుతూ గదిలోకి తొంగి చూశారు.

"శభాష్ అల్లుడా! నువ్వే బిగించినవా? చీలలు సరిపోయినయా?"

"ఏ చీలలు?"

"గుడ్డల కట్టి పంపిన గదా. అవి గుంజేస్తె మంచం విప్పుకోవచ్చు, దిగేస్తె బిగుసుకుంటది."

అనసూయ పొయ్యి వైపు చూసింది. నేను మామగారి చేతిలోని కప్పు వైపు చూశాను. ఆ చాయ కాగింది ఆ చీలల మంటమీదనే.

"ఫికర్ లేదు, గట్లనే పట్టుకొద్దాం" అన్నారాయన పాపం, ఏమీ తెలియక. పక్కింటి డ్రిల్లు మాస్టరు యేసురత్నం గారిని పిలిచాము. వారు బయటినుండి, నేను లోపలినుండి. నిలువుగా తిప్పాము, గుంజలు అడ్డం. అడ్డంగా తిప్పాము, పట్టెలు అడ్డం. చివరకు రెండు గుంజలు దర్వాజ బయట, రెండు లోపల, ఆ వెనుక గదిలో బందీగా నేను.

"పంతులుగారూ, జర మీరు బయటికి రాండ్రి, చూద్దాం."

"ఎట్లా రావాలి మాస్టారూ?"

"అల్లుడా," అన్నారు మామగారు చెమట తుడుచుకుంటూ, "నువ్వు ఇంట్ల మంచం బిగించినవా, మంచం సుట్టు ఇల్లు గట్టినవా?"

"బాపూ, తలుపు ఊడదీస్తే రెండు వేళ్ల సందు దొరుకుతది" అన్నది అనసూయ. ఒంటిరెక్క టేకు తలుపు ఊడదీశారు. సందు దొరికింది, చాలలేదు. మేకులు పీకబోతే తలలు ఊడివచ్చాయి గాని మేకులు రాలేదు. మంచమున్నంత మేరకే కాళ్లు చాచుకొమ్మన్నారు పెద్దలు. దర్వాజ ఉన్నంత మేరకే మంచం బిగించుకొమ్మని ఒక్కరైనా చెప్పిన పాపాన పోలేదు!

మంచాన్ని మళ్లీ లోపలికి నెట్టి నాకు విముక్తి కలిగించారు. వాకిట్లో పొద్దు వాలుతున్నది. మామగారు కింద కూర్చోలేరు, లోపల పడుకోలేరు. గోడకు చేరవేసిన తలుపును అనసూయ ఒకసారి తేరిపార చూసింది. నాలుగు మూలలా ఇటుకలు పేర్చి, తలుపును వాటిమీద పరచి, పైన బొంత వేసింది. ఆసిఫాబాదు టేకు మంచం తలుపులేని గదిలో నైరుతి దిక్కున హాయిగా విశ్రమించింది. దానిని పంపినవారు ఆ గది తలుపు మీద పడుకున్నారు.

తెల్లవారి లేచి, మోకాళ్లు నిమురుకుంటూ ఆయన అన్నది ఒకే మాట: "నిద్ర మంచిగ పట్టింది అల్లుడా. గీ తలుపుకు మాత్రం మేకులు కొట్టకు."

పుస్తకం మాట ఆయన వెనక్కి తీసుకోలేదు; నేనూ అడగలేదు. ఆ ఉదయమే స్నానమాచరించి, తూర్పుముఖంగా నిలిచి, సూర్యుడు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో కర్రను ముట్టను; ముట్టవలసి వస్తే అది చేతికర్రే అగుగాక; దానినైనా ముందు దర్వాజతో కొలిచి మరీ పడతాను.

వైశాఖ శుద్ధ ఏకాదశి నాడు మామగారు తలుపు తిరిగి బిగించి, ఆసిఫాబాదు బస్సెక్కారు. 1983 మే నెలలో మేము కరీంనగరుకు మారినప్పుడు, మంచాన్ని ఆ గదిలోనే ఇంటివారికి వదిలి వచ్చాము.