వాసన రాని హోమ్

2023 వేసవి. నేను విజయవాడలో ఫిజియోథెరపిస్ట్‌ని. కీళ్లు పట్టేసినవాళ్లని, ఆపరేషన్లు అయినవాళ్లని మళ్లీ నడిపించడం నా పని. కంకిపాడు దగ్గర కొత్తగా కట్టిన ఒక వృద్ధుల హోమ్‌కి వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని. గచ్చు అద్దంలా మెరిసేది, ఎక్కడా దుర్వాసన ఉండేది కాదు. ఇలాంటి హోమ్‌లలో అది చాలా అరుదు.

అక్కడ రాజ్యలక్ష్మి గారని ఒకావిడ ఉండేవారు. పామర్రులో హిందీ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. కూతురు శారద బ్యాంకు ఉద్యోగి, లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో ఉంటుంది. నడక వచ్చేదాకా అని తల్లిని ఇక్కడ చేర్చింది. "ఆ మెట్లెక్కి, దాని వంటింట్లో నా చేత్తో కాఫీ పెట్టుకు తాగాలమ్మాయ్" అనేవారు ఆవిడ. మహా మొండి మనిషి. నేను నాలుగడుగులు వెయ్యమంటే వాకర్ పట్టుకుని వరండా చివరిదాకా పోయి, నావైపు తిరిగి నవ్వేవారు.

ఇక మెట్లు మొదలుపెడదాం అనుకున్న వారంలోనే మంచం దిగుతూ పడ్డారు. రెండు రోజులకే మళ్లీ పడితే, నుదుటి మీద కుట్లు పడ్డాయి.

మేనేజర్ ప్రసాదు గారు నన్ను ఆఫీసులోకి పిలిచారు. "ఇక ఆవిణ్ని నడిపించొద్దు మేడమ్. మంచానికి బెల్టు వేసి, డైపర్ పెట్టేస్తాం. నడవడానికి పనికిరారని మీరొక ముక్క రాసిస్తే వాళ్లమ్మాయికి చూపిస్తాం" అన్నారు.

ఆ ముక్క రాస్తే ఆవిడ మెట్ల ఆశ అక్కడితో సరి. ఆ వయసులో మంచానికి కట్టేస్తే కాళ్లలో మిగిలిన బలం కూడా పోతుంది. చూసి చెబుతానన్నాను.

వెళ్లి చూస్తే ఆవిడ కాళ్లు బలంగానే ఉన్నాయి. "మరెలా పడ్డారండీ?" అని అడిగాను.

"లేచి నుంచునేసరికి కళ్లు చీకట్లు కమ్మాయమ్మా."

పడుకోబెట్టి బీపీ చూశాను. లేపి నిలబెట్టి మళ్లీ చూస్తే బీపీ దభాలున పడిపోయింది. దీన్ని పోస్చురల్ హైపోటెన్షన్ అంటాం. లేవగానే తలకు రక్తం చాలక కళ్లు తిరుగుతాయి. మందుల వల్ల రావచ్చు, ఒంట్లో నీరు తగ్గినా రావచ్చు. ఆవిడ మందులేవీ మారలేదు. నాలుక చాపమంటే, ఎండిపోయి పిడచకట్టుకుని ఉంది.

"నీళ్లు తాగడం లేదా?"

ఆవిడ గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించారు. "మజ్జిగ అడుగుతూనే ఉన్నాను కదమ్మాయ్."

మజ్జిగ గొడవ ఆ హోమ్‌లో అందరికీ తెలిసిందే. రాత్రి అన్నంలో మజ్జిగ వెయ్యడం లేదని ఆవిడ కనిపించిన ప్రతివాళ్లతోనూ చెప్పేవారు. మనవైపు మజ్జిగన్నంతో ముగించకపోతే భోజనం చేసినట్టే ఉండదు. అందుకని పెద్దావిడ జిహ్వ చాపల్యమని శారదతో సహా అందరూ నవ్వేసి ఊరుకున్నారు.

ఆయా నాగమణిని పిలిచి అడిగాను. ఆమె ఏమీ దాచలేదు. పైగా కాస్త గర్వంగానే చెప్పింది.

"మజ్జానం అన్నం తిన్నాక నీళ్లివ్వమండీ. మాత్ర మింగటానికి ఓ గుక్క, అంతే. రాత్రికి మజ్జిగుండదు. లేపోతే తెల్లార్లూ బాత్రూముకి తిప్పాలి కదండీ, మేం ఉన్నదే ఇద్దరం. సూడండి, మా దగ్గర ఒక్కళ్లు కూడా పక్క తడపరు."

"అందరికీ ఇంతేనా?"

"అందరికీనండీ. సారు సెప్పిందే."

బయట రోళ్లు పగిలే ఎండ. ఇంత ఘోరాన్ని ఈవిడ ఇంత నింపాదిగా చెబుతోందేమిటా అనిపించింది. గది గదికీ తిరిగాను. ఒక్క మంచం పక్కనా గ్లాసు లేదు. వాటర్ కూలర్ మాత్రం ఆఫీసు ముందుంది, చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం. వంటింట్లోంచి నేనే చెంబుతో మజ్జిగ తెచ్చి ఇస్తే, రాజ్యలక్ష్మి గారు రెండు చేతులా పట్టుకుని చివరి చుక్కదాకా తాగారు. ఒకప్పుడు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, నావైపు చూడకుండా మూతి తుడుచుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

ప్రసాదు గారు అడిగిన ముక్క నేను రాయలేదు. శారదకి ఫోన్ చేశాను. బ్యాంకు నుంచి తిన్నగా వచ్చింది. అంతా విని, అరవలేదు, తిట్టలేదు. తల్లి పక్కన మంచం మీద కూలబడింది.

"చాలా హోమ్‌లు చూశాను మేడమ్. దీంట్లోనే వాసన రాలేదు. అందుకే ఇక్కడ చేర్చాను" అంది.

మర్నాడే తల్లిని తీసుకెళ్లిపోయింది. కింద వాటాలో ఉన్నవాళ్లు ఓ గది ఇచ్చారు. వానలు వెనకబట్టేసరికి రాజ్యలక్ష్మి గారు ఆ మూడంతస్తులూ ఎక్కారు. కాఫీ నాకు కూడా పెట్టారు.

హోమ్‌లో మిగిలినవాళ్ల కుటుంబాలకి నేనూ శారదా కూర్చుని ఫోన్లు చేశాం. చాలామంది పరుగెత్తుకొచ్చి నిలదీశాక అక్కడ మంచాల పక్కకి గ్లాసులొచ్చాయి, రాత్రికి ఇంకో ఆయా వచ్చింది. ఒకాయన మాత్రం నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "నీళ్లిస్తే మళ్లీ వాసన రాదా అండీ?" అని అడిగాడు.

ఇప్పుడు ఏ హోమ్‌కి వెళ్లినా, మంచం మీంచి చెయ్యి చాపితే నీళ్ల గ్లాసు అందుతుందా అని ముందు చూస్తాను. "మా దగ్గర అసలు వాసనే రాదండీ" అని ఎవరైనా అంటే నాకు భయమేస్తుంది.