మనిసి నొక్కితేనే

పోలరాజు నమ్మిన శాస్త్రం ఒక్కటే: కరెంటు పోయి వచ్చాక ఏ మిషనూ దానంతటది తిరక్కూడదు. ఈ హిందీ ఊరి ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా ఉన్న రోజుల్లో, ఆగిన బెల్టులో ఇరుక్కున్న రాయి తీస్తున్న తోటి కూలీని, ఉన్నట్టుండి కరెంటొచ్చి తిరిగిన బెల్టు భుజం దాకా లాక్కుపోయింది. ఆ కేక ఆయన చెవుల్లోంచి ఇంకా పోలేదు.

అందుకే, ఊపిరాడక మంచం పట్టిన భార్య జోగమ్మ ఆక్సిజన్ మిషనుకు కొడుకు మురళి ఫోనుతో నడిచే స్మార్ట్ ప్లగ్గు బిగిస్తుంటే పక్కనే నిలబడ్డాడు.

"కరెంటొచ్చాక ఆఫ్‌లోనే ఉండాలా, ముందున్నట్టు గుర్తెట్టుకుని ఆన్ అవ్వాలా నాన్నా?" ఫోను చూస్తూ అడిగాడు మురళి.

"గుర్తూ లేదు, గాడిదగుడ్డూ లేదు. మనిసి నొక్కితేనే తిరగాల. నానింట్లోనే ఉంటాను కదేటి!"

"ఠీక్ హై," అన్నాడు మురళి.

ఉన్నాడు కూడా, మొన్న మంగళవారం వరకూ. ఆ రోజు జోగమ్మ మెంతికూర తినాలనుందంటే పర్సుడీహ్ బజారుకు వెళ్లాడు. బేరం మధ్యలో కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. "లైట్ ఆ గయీ!" అని కొట్లవాళ్లు అరిచారు. అమ్మయ్య అనుకుని ఇంకో కట్ట బేరమాడాడు.

ఇంటి సందు మలుపులో, తను చెప్పిన మాట తనకే గుర్తొచ్చింది. సంచీ పారేసి పరుగెత్తాడు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. పక్కింట్లో టీవీ మోగుతోంది. మిషను మాత్రం, చెప్పిన మాట జవదాటకుండా, మనిషి చెయ్యి కోసం కూర్చుంది. జోగమ్మను పిలిచాడు. పలకలేదు. ప్లగ్గు మీది బటన్ నొక్కాడు.

మిషను ఒక్క నొక్కుకే లేచింది.